నమ్మినవారే అడిగారు

శాలిబండ, హైదరాబాద్

బిడ్డా,

చచ్చినవాళ్లను ఎలా బతికిస్తావో చూపించమని ఇబ్రాహీం అలైహిస్సలాం అల్లాహ్‌ను అడిగారు కదా, మరి ఆయనకూ అనుమానం ఉన్నట్టేనా అని రాశావు.

ఖురాన్ సూరా బఖరాలో 260వ ఆయతును విడిగా చదివితే అలాగే అనిపిస్తుంది. 258 నుంచి చదువు. బతికించేదీ చంపేదీ నా ప్రభువేనని రాజుతో వాదించింది ఇబ్రాహీమే. 259లో పాడుబడ్డ ఊరిని చూసి విస్తుపోయిన మనిషిని అల్లాహ్ నూరేళ్లు చావులో ఉంచి లేపుతాడు. ఆ తర్వాతే ఈ ప్రశ్న. ఆయతుల మధ్య ఇలాంటి లంకెలు వెతుకుతూనే ఇమామ్ బిఖాయీ 15వ శతాబ్దంలో పెద్ద తఫ్సీర్ (ఖురాన్ వ్యాఖ్యానం) రాశారు. దాన్ని 22 సంపుటాలుగా అచ్చువేసింది మన ఊరి దాయిరతుల్ మఆరిఫే.

ఇబ్రాహీం సందేహించలేదు, కళ్లారా చూడాలనుకున్నారంతే అన్నది ఎక్కువమంది పండితుల మాటగా వ్యాఖ్యాత ఖుర్తుబీ చెబుతారు. మరో వ్యాఖ్యాత తబరీ మాత్రం, షైతాన్ వేసిన ఊహ ఒకటి ఆయన మనసును తాకిందన్న కథనం వైపే మొగ్గారు. సందేహానికి ఇబ్రాహీం కంటే మనమే ఎక్కువ తగినవాళ్లమని దైవప్రవక్త అన్న హదీసు తబరీకి ఆధారం. ఇమామ్ షాఫయీ శిష్యుడు ముజనీకి అదే హదీసు ఇంకోలా అర్థమైంది: నాకు సందేహం లేదని మీకు తెలుసు, కాబట్టి ఇబ్రాహీంకూ లేదు అన్నది ప్రవక్త భావం. ఈ రెండు అర్థాల్లో ఒకటి రాసి రెండోది దాచకు.

నాకు నచ్చిన వాదన మూసా అలైహిస్సలాం కథలో ఉంది. జనం దూడను పూజిస్తున్నారని కొండ మీదే అల్లాహ్ ఆయనకు చెప్పాడు. అల్లాహ్ ఇచ్చిన పలకలు కింద పడేసింది మాత్రం కళ్లతో చూశాకే. అల్లాహ్ మాట మీద అనుమానమా? కాదు. వినడం వేరు, చూడటం వేరు. ఇల్ముల్ యఖీన్ (తెలిసి కలిగే నమ్మకం), ఐనుల్ యఖీన్ (చూసి కలిగే నమ్మకం) అని ఉలమా విడదీసింది ఇందుకే.

అయితే అడిగిందల్లా దొరకదు. ఇబ్రాహీంకు నాలుగు పక్షులతో జవాబు దొరికింది. అల్లాహ్‌నే చూడాలన్న మూసాకు దర్శనం కాలేదు. కొండ పిండైంది, ఆయన స్పృహ తప్పారు.

ఇప్పుడు నీ వంతు. కొడుకు పుడతాడన్న శుభవార్త విన్నాక కూడా జకరియా అలైహిస్సలాం గుర్తు అడిగారు, మూడు రోజులు మాట పోయింది. ఆయన ముందే నమ్మింది ఏమిటి, ఇంకా కోరింది ఏమిటి? రెండు తఫ్సీర్లు చూసి, ఎవరి మాట ఎవరిదో విడదీసి రాయి.

దువాలతో,
మీ తాత