ధర్మవరం మగ్గం నేర్పిన కంప్యూటర్ పాఠం



ఈ నెల గోడపత్రికకు సైన్సు వ్యాసం రాయమని మా తొమ్మిదో తరగతికి చెప్పినారు. నేను కంప్యూటర్ గురించి రాస్తున్నాను. "తెర తలకిందులు చేసిన పిల్ల కంప్యూటర్ పాఠం చెప్తాదంట" అని కొందరు నవ్వుతారు. నవ్వండి. ఆ సంగతితోనే మొదలుపెడతాను.

1. తెర తలకిందులైన రోజు

పోయిన సంవత్సరం కంప్యూటర్ పీరియడ్‌లో నేను ఏవో మూడు మీటలు ఒకేసారి నొక్కినాను. తెర మీద ఉన్నదంతా తలకిందులైంది. అక్షరాలు గబ్బిలాల మాదిరి వేలాడుతున్నాయి. "చెడగొట్టేసింది" అని అందరూ అరిచినారు. ఎన్ని వేల రూపాయలు కట్టాల్నో అని నాకు కాళ్ళు వణికినాయి. సార్ వచ్చి రెండు మీటలు పట్టుకొని పై బాణం మీట నొక్కినారు. తెర మామూలుగా అయింది. అంతే. కానీ ఆ రోజు నుంచి నేను కంప్యూటర్ ముందర కూర్చోలేదు. వెనక నిలబడి చూసేదాన్ని. మనకు రాని ఏదో మంత్రం దాని లోపల ఉండాది అనుకున్నాను.

ఆ భయం పోయింది బడిలో కాదు. ధర్మవరంలో ఒక మగ్గం ఇంట్లో.

2. మగ్గం పైన ఉన్న అట్టలు

రైల్లో హిందూపురంలో ఎక్కితే పెనుకొండ మీదుగా ధర్మవరం పోవచ్చు. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్ ఉంది. ఒక్క పట్టుగూడు విప్పితే సుమారు 1000 మీటర్ల పోగు వస్తుంది. ధర్మవరంలో ఆ పట్టుతో పెద్ద అంచులు, జరీ కొంగులు ఉన్న చీరలు నేస్తారు. ఎండాకాలం సెలవుల్లో మా యాడి (మన సుగాలీలు అమ్మను యాడి అంటాము కదా) ధర్మవరంలో ఒక నేతకారుల ఇంట్లో కండెలు చుట్టే పనికి పోతుంది. నేనూ తోడు పోయినాను.

గుంటలో కాళ్ళు పెట్టుకొని తాత నేస్తున్నాడు. మగ్గం పైన ఒక పెట్టె ఉంది. దాని మీది నుంచి పొడుగాటి అట్టలు దండ మాదిరి వేలాడుతున్నాయి. అట్టల నిండా బెజ్జాలు. తాత కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరిగి ముందుకు వస్తుంది. కొన్ని పోగులు పైకి లేస్తాయి, నాడె అవతలికి పోతుంది. కొంగు మీద నెమలి కొంచెం కొంచెం పుడతాంది.

"తాతా, నెమలి ఎట్ల గుర్తు పెట్టుకుంటావు?" అని అడిగినాను.

"నేనెక్కడ గుర్తు పెట్టుకుంటా పాపా. అట్టకు తెలుసు. అట్టకైనా ఏం తెలుసు, బెజ్జం ఉంటే పోగు లేస్తాది, లేకుంటే లేవదు. అంతే" అన్నాడు.

ఆ పెట్టె పేరు జకార్డు. ధర్మవరంలో జకాట్ అని కూడా అంటారు. అది పని చేసే విధానము: పెట్టెలో వరసగా సూదులు ఉంటాయి. ఒక్కొక్క సూదికి ఒక కొక్కెం, కొక్కేనికి కింద పడుగు పోగులు కట్టి ఉంటాయి. అట్ట వచ్చి సూదులకు ఆనుకుంటుంది. బెజ్జం ఉన్నచోట సూది లోపలికి దూరిపోతుంది, దాని కొక్కెం తన చోటే నిలుస్తుంది, కాలితో తొక్కగానే పైకి లేస్తుంది. బెజ్జం లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కెం పక్కకు జరిగి కిందనే ఉండిపోతుంది. లేచిన పోగుల కింద నుంచి పేక పోగు పోతుంది. ఒక్కో అట్ట డిజైన్‌లో ఒక్కో వరస. అట్టల దండ చివర మొదటి అట్టకు కట్టి ఉంటుంది. కాబట్టి ఒక నెమలి అయిపోగానే మళ్ళీ అదే నెమలి మొదలవుతుంది.

3. మగ్గానికీ కంప్యూటర్‌కూ చుట్టరికం

బడి తెరిచినాక ఈ సంగతి సార్‌కు చెప్పినాను. సార్ చానా సంతోషపడి, "నువ్వు చూసింది కంప్యూటర్‌కు జేజి" అన్నారు. తర్వాత ఆయన చెప్పినవి, పుస్తకంలో చదివినవి కలిపి రాస్తున్నాను.

జోసెఫ్ మేరీ జకార్డ్ అనే ఆయన ఫ్రాన్సు దేశంలో లియాన్ పట్టణంలో 1752లో పుట్టినాడు. అది కూడా మన ధర్మవరం మాదిరి పట్టు నేసే ఊరు. అంతకు ముందు పువ్వుల డిజైన్ నేయాలంటే నేతగానికి తోడుగా ఒక మనిషి దారాలు లాగాలి. ఈ పనికి చానా సార్లు పిల్లలనే పెట్టేవారు. జకార్డ్‌కు ముందే కొందరు బెజ్జాల కాగితంతో, అట్టలతో ప్రయత్నాలు చేసినారు. వాటిని బాగుచేసి ఆయన 1804 నాటికి తన యంత్రం తయారుచేసినాడు. దారాలు లాగే పిల్లలకు ఆ చాకిరి తప్పింది. కానీ పని పోతుందని భయపడి లియాన్ నేతగాళ్ళు ఆ యంత్రాన్ని వ్యతిరేకించినారు. ఈ రెండూ నిజమే.

జకార్డ్ 1834లో చనిపోయినాడు. 1839లో ఆయన బొమ్మనే పట్టుతో నేసినారు. దానికి పట్టిన అట్టలు 24,000! ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ అనే లెక్కల పండితుడు అలాంటి బొమ్మ ఒకటి తన ఇంట్లో పెట్టుకున్నాడు. బెజ్జాల అట్టలతో పువ్వులు నేయగలిగితే లెక్కలు ఎందుకు చేయకూడదు అని ఆయన ఆలోచన. అట్టలతో నడిచే పెద్ద లెక్కల యంత్రానికి ప్లాను గీసినాడు. అది ఆయన బతికుండగా పూర్తి కాలేదు. ఏడా లవ్‌లేస్ అనే ఆమె 1843లో ఆ యంత్రం గురించి వివరంగా రాసి, దాన్ని జకార్డ్ మగ్గంతోనే పోల్చింది. కంప్యూటర్ తయారు కాకముందే దానికి ప్రోగ్రామ్ రాసినది ఒక ఆడమనిషి అని మనము గుర్తుంచుకోవాలి.

అమెరికాలో హెర్మన్ హోలరిత్ 1890 జనాభా లెక్కలకు బెజ్జాల అట్టలు వాడినాడు. మనిషికొక అట్ట. వయస్సు, పని, ఊరు అన్నీ బెజ్జాలే. ఆయన పెట్టిన కంపెనీ వేరే కంపెనీలతో కలిసి 1924లో ఐబీఎం అనే పేరు పెట్టుకున్నది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కంప్యూటర్లకు పని చెప్పింది అట్టలతోనే.

ఇప్పుడు అట్టలు లేవు. బెజ్జానికి బదులు కరెంటు. బెజ్జం ఉంటే 1, లేకుంటే 0. ఈ ఒక్క గుర్తును బిట్ అంటారు, ఎనిమిది బిట్లు ఒక బైట్. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడ వెల్డింగ్ చేసే రోబోలు కూడా మనిషి ముందుగా రాసిపెట్టిన ప్రోగ్రామ్ ప్రకారమే చేయి తిప్పుతాయి. తాత మగ్గం మాదిరి, వాటికీ సొంతంగా ఏమీ తెలియదు.

4. మీరూ చేసి చూడండి

కావలసినవి: గళ్ళ కాగితాలు రెండు, పెన్సిలు ఒకటి, ఇద్దరు పిల్లలు.

ఒకరు ఈ అట్టలు చదవాలి. రెండోవాళ్ళు కాగితం మీద, 1 అంటే గడి నింపాలి, 0 అంటే వదిలేయాలి. బొమ్మ ఏమిటో ముందుగా చెప్పరాదు.

మొదటి అట్ట: 0 0 1 0 0
రెండో అట్ట: 0 1 1 1 0
మూడో అట్ట: 1 1 1 1 1
నాలుగో అట్ట: 0 1 1 1 0
ఐదో అట్ట: 0 0 1 0 0

మేము రాత్రి చదువు అయినాక డార్మిటరీలో ఆడినాము. నేను చదివినాను, నా పక్క మంచం చెల్లి నింపింది. ఆమె ఐదో తరగతి. ఏం గీస్తున్నదో ఆమెకు తెలియదు, కానీ పువ్వు వచ్చింది! ఫోన్‌లో ఫొటో పంపితే అవతల ఫోన్ చేసేది ఇదే పని. గడులు మాత్రం లక్షల్లో ఉంటాయి.

రెండోసారి ఆడినప్పుడు ఒక గడి తప్పు నింపి పువ్వుకు కొమ్ము వచ్చింది. చెల్లి కాగితం చింపబోయింది. నేను ఆపినాను. ఎందుకంటే ధర్మవరంలో ఇట్లనే జరిగింది. నెమలి రెక్కలో ఉండకూడని చోట జరీ కనిపించింది. తాత కోప్పడలేదు. నాలుగు వరసలు విప్పి, అట్టల మీది నంబర్లు చూసుకుంటూ ఒక అట్ట దగ్గర ఆగినాడు. అది చినిగి ఒక బెజ్జం ఎక్కువైంది. దాని మీద కాగితం ముక్క అంటించినాడు. మళ్ళీ తొక్కినాడు. నెమలి సరిపోయింది.

సార్ చెప్పిన మాట వింటే మీకూ ఆశ్చర్యం వేస్తుంది. పాత కాలం కంప్యూటర్లలో అట్టలోనో కాగితం పట్టీలోనో తప్పు వస్తే ఇట్లనే ముక్క అంటించేవారు. దాన్ని ప్యాచ్ అనేవారు. ఇప్పటికీ ఫోన్‌లో తప్పు దిద్దడానికి కంపెనీవాళ్ళు పంపేదాన్ని ప్యాచ్ అనే అంటున్నారు. తప్పు అంటే యంత్రం నాశనం కావడం కాదు. ఏదో ఒక అట్టలో ఒక బెజ్జం. వెతికితే దొరుకుతుంది.

5. అమ్మ అంటే ఎన్ని అక్షరాలు?

ఈ ప్రశ్నకు తెలుగు మేడం "రెండు" అంటారు. కంప్యూటర్ "నాలుగు" అంటుంది. నేను నా అంతట కనుక్కున్న మొదటి సంగతి ఇదే. తెర మీద అమ్మ అని కొట్టి, వెనక్కి చెరిపే మీట ఒక్కొక్కసారి నొక్కి చూడండి. మొదట అమ్ అవుతుంది. తర్వాత అమ. తర్వాత అ. నాలుగోసారికి ఖాళీ.

ఎందుకంటే ప్రపంచంలోని లిపుల అక్షరాలకు నంబర్లు ఇచ్చిన యూనికోడ్ అనే పట్టిక ఉంది. దాని మొదటి కూర్పు 1991లో వచ్చింది, అందులోనే తెలుగు ఉంది. 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు తెలుగువి. అ అంటే 3077, మ అంటే 3118, పొల్లు గుర్తు 3149. కాబట్టి అమ్మ అంటే 3077, 3118, 3149, మళ్ళీ 3118. కింద ఉన్న మ వత్తుకు వేరే నంబరు లేదు. పొల్లు తర్వాత మ వస్తే వత్తుగా రాయాలని కంప్యూటర్‌కు ముందుగా నేర్పినారు.

3077ను రెండుతో భాగిస్తూ పోయి శేషాలు కింద నుంచి పైకి రాస్తే 110000000101 వస్తుంది. అదే అ అక్షరం అట్ట. లెక్క చేసి చూసుకోండి.

6. యాడి అనే మాట

ఒకరోజు సార్ తన ఫోన్ ఇచ్చి, "మీ భాషలో ఒక మాట కొట్టు" అన్నారు. నేను యాడి అని కొట్టినాను. ఖాళీ వదలగానే ఫోన్ దాన్ని యాది అని మార్చేసింది. మళ్ళీ కొట్టినాను, మళ్ళీ మార్చింది. ముందయితే నేనే తప్పు రాసినాను అనుకునేదాన్ని. మన మాట తప్పు మాటేమో అనుకునేదాన్ని. కానీ ఇప్పుడు తాత మాట గుర్తుకొచ్చింది. అట్టకు ఏమి తెలుసు? ఎవరో దాని జాబితాలో యాది పెట్టినారు, యాడి పెట్టలేదు. అంతే.

అక్షరాలన్నీ ఉన్నాయి కదా. య 3119, దీర్ఘం 3134, డ 3105, గుడి 3135. కాబట్టి సెట్టింగులలో సొంత నిఘంటువు అనే చోట యాడి అని చేర్చినాము. అప్పటి నుంచి ఆ ఫోన్ యాడిని మార్చలేదు. మన భాష మాటలను ఇట్లనే తెలుగు అక్షరాలతో రాసుకుంటాము. పాణి, బాటి, ఇంకా ఎన్నో మాటలు చేర్చవచ్చు. కానీ అది సార్ ఫోన్ ఒక్కదానిలోనే. అన్ని ఫోన్లకూ తెలియాలంటే మనలో ఎవరో ఒకరు ప్రోగ్రామ్ రాసేవాళ్ళు కావాలి. అట్ట కొట్టేవాళ్ళు ఎవరైతే వాళ్ళ పువ్వే చీర మీదికి వస్తుంది.

7. ఇంకొక ఆలోచన

ఇప్పుడు చీరల డిజైన్లు కూడా కంప్యూటర్‌లో గీస్తున్నారు. అట్టలే లేని ఎలక్ట్రానిక్ జకార్డులు కూడా వచ్చినాయి. డిజైన్ త్వరగా అవుతుంది. కానీ చేత్తో గళ్ళ కాగితం గీసేవాళ్ళకు, అట్టలు కొట్టేవాళ్ళకు పని తగ్గుతుంది. చేనేతను కాపాడటానికి కొన్ని రకాల బట్టలు చేతిమగ్గం మీదనే నేయాలని 1985లో చట్టం చేసినారు. కండెలు చుట్టే మా యాడి పని ఎన్నాళ్ళు ఉంటుందో నాకు తెలియదు. అందుకే నేను కంప్యూటర్‌ను చూసి భయపడి వెనక నిలబడితే లాభం లేదు అనుకున్నాను. ఇప్పుడు ముందు వరసలో కూర్చుంటున్నాను.

వార్డెన్ మేడం గారికి మనవి: ఆదివారం ఒక గంట కంప్యూటర్ గది తెరిపించగలరు. ఐదో తరగతి చెల్లెళ్ళను కూడా రానివ్వగలరు. ఒక్కొక్కరి పక్కన పెద్ద తరగతి పిల్ల ఒకరు కూర్చుంటాము. తెర తలకిందులైతే సరిచేయడం నాకు వచ్చు.

ప్రశ్నలు (జవాబులు నాకు ఇవ్వండి, వచ్చే నెల రాస్తాను)

1. ఐదు గడుల అట్టను ఎన్ని రకాలుగా కొట్టవచ్చు? (రెండు గడులతో మొదలుపెట్టి చూడండి.)
2. అక్క అని కంప్యూటర్‌లో కొడితే ఎన్నిసార్లు చెరపాలి?
3. మీ ఇంటి భాషలో ఫోన్‌కు తెలియని పది మాటలు రాయండి.

ఇంతటితో ముగిస్తున్నాను. తప్పులుంటే నవ్వకండి, కాగితం ముక్క అంటించి దిద్దండి.

ఇట్లు
తొమ్మిదో తరగతి విద్యార్థిని