పల్లె ప్రకృతి వనాల నిర్వహణ: పంచాయతీ నీటి లెక్క, కూలి లెక్క – ఒక పరిశీలన

తెలంగాణలో 2020వ సంవత్సరం నుండి గ్రామ పంచాయతీల పరిధిలో పల్లె ప్రకృతి వనాల పేరిట చిన్న ఉద్యానాలు ఏర్పాటయ్యాయి. శివారు ఆవాసాలను కూడా కలుపుకొని వీటి సంఖ్య 19 వేలు దాటింది. అంతకు పూర్వం ఉద్యానం అనగానే పట్టణమే గుర్తుకు వచ్చేది. పల్లెలో రచ్చబండ, చెరువుగట్టు, గుడి ఆవరణ, బడి మైదానం ఉండేవి. నడకదారి, కూర్చునే బల్లలు, పూల మొక్కలు, నీడ చెట్లు ఒకచోట చేర్చి పంచాయతీ తానే నిర్వహించే స్థలం మాత్రం అరుదు. రాజ్యాంగం కూడా ఈ తేడాను పాటించింది. పురపాలక సంస్థల బాధ్యతలను తెలిపే 12వ షెడ్యూలులో ఉద్యానాలు, తోటలు, ఆటస్థలాలు స్పష్టంగా పేర్కొనబడ్డాయి. పంచాయతీలకు సంబంధించిన 11వ షెడ్యూలులోని 29 అంశాలలో ఆ మాట నేరుగా లేదు. సామాజిక వనాలు, సామూహిక ఆస్తుల నిర్వహణ అనే అంశాల కింద దానిని గ్రహించవలసి ఉంటుంది.

వనం ఏర్పాటు ఒక వానకాలంలో పూర్తయ్యే పని. గుంతలు, మొక్కలు, కంచె, ముఖద్వారం అన్నీ కొద్ది వారాలలో సిద్ధమవుతాయి. దాని నిర్వహణ మాత్రం కనీసం మూడు వేసవులు గడిచేవరకు సాగవలసిన పని. పంచాయతీ తన నీటి వనరుకు, కూలి ఖర్చుకు తగిన వనాన్ని ఎంచుకున్నదా లేక ముందుగా వనం నాటి ఆ తరువాత నీటికై వెదకుతున్నదా అన్నదానిపైనే దాని మనుగడ ఆధారపడి ఉంది. విస్తరణ శాస్త్రవేత్త సలహా ఎక్కువగా ఉపయోగపడేది కూడా ఈ ఎంపిక దశలోనే.

చట్టం కల్పించిన ఆధారం

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం పచ్చదనాన్ని పంచాయతీ విధిగా చేసింది. బడ్జెట్టులో 10 శాతం హరిత నిధిగా కేటాయించాలని, ప్రతి పంచాయతీ నర్సరీని నిర్వహించాలని, నాటిన మొక్కలలో 85 శాతం బ్రతికేలా చూడాలని నిర్దేశించింది. ఇందులో విఫలమైతే సర్పంచి, కార్యదర్శి జవాబుదారులవుతారు. పంచాయతీ స్థాయీ సంఘాలలో ఒకటి మొక్కల పెంపకానికే ఉద్దేశించబడింది. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమం ద్వారా పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరాయి. గుంతలు తవ్వే కూలి, మొక్కల సంరక్షణ కూలి చాలావరకు ఉపాధి హామీ నిధుల నుండి లభించాయి. పట్టణాలకు 2019 మునిసిపాలిటీల చట్టం ఇదే 10 శాతం నియమాన్ని విధించింది.

ఈ 10 శాతం ఎంతవరకు సరిపోతుందో ఒక ఉదాహరణ ద్వారా చూడవచ్చును. ఒక పంచాయతీ వార్షిక బడ్జెట్టు 10 లక్షల రూపాయలు అనుకుంటే హరిత నిధి లక్ష రూపాయలు అవుతుంది. 2024-25లో తెలంగాణలో ఉపాధి హామీ దినసరి వేతనం 300 రూపాయలు. ఆ లెక్కన లక్ష రూపాయలు 333 పనిదినాలకు సరిపోతాయి. అనగా ఒక్క మనిషికి ఏడాది పొడవునా ప్రతిరోజూ కూలి ఇవ్వడానికి కూడా చాలవు. పైగా నర్సరీ సంచులు, దారి వెంబడి చెట్ల సంరక్షణ, డీజిలు, మోటారు మరమ్మతు అన్నీ ఈ నిధి నుండే జరగాలి. కనుక చిన్న పంచాయతీ విషయంలో చట్టం ఇచ్చినది ఆధారమే గాని పూర్తి భరోసా కాదు. ఉపాధి హామీ కూలి ఆగిన మరునాడు వనం బరువంతా ఈ లక్ష రూపాయలపైనే పడుతుంది.

2024లో ఈ సంగతి స్పష్టంగా వెల్లడైంది. 2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో తీరి, పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతికి వచ్చాయి. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి 15వ ఆర్థిక సంఘం నిధులు అందేవి కావు. ట్రాక్టరు డీజిలుకు సైతం కార్యదర్శులు ఇబ్బంది పడుతున్నారన్న వార్తలు ఆ కాలపు పత్రికలలో తరచుగా వచ్చాయి. ట్యాంకరు కదలకపోతే ముందుగా ఎండేది వనమే. ఎందుకంటే త్రాగునీటికి, పారిశుద్ధ్యానికి దక్కే ప్రాధాన్యం దానికి దక్కదు, దక్కాలని కోరడమూ న్యాయం కాదు.

నాటు దూరం, నీటి లెక్క

పల్లె వనాలలో ఎక్కువ నష్టం కలిగించే నిర్ణయం మొక్కల మధ్య దూరానికి సంబంధించినది. చిట్టడవి పద్ధతిలో మీటరు దూరంలో దట్టంగా నాటడం విస్తృతంగా ప్రచారమైంది. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. మీటరుకు ఒక మొక్క చొప్పున నాటితే సుమారు 4,000 మొక్కలు పడతాయి. మొదటి వేసవిలో మొక్కకు ఒక తడికి 10 లీటర్లు అనుకున్నా ఒక్కసారికి 40,000 లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకరుతో అది 8 తడవల పని. వారానికి రెండు తడులంటే 16 తడవలు. ఊరంతటికీ ఉన్నది ఒకే ట్రాక్టరు. అదే చెత్త ఎత్తాలి, దారి చెట్లకూ నీరు పోయాలి.

అదే ఎకరంలో 4 మీటర్ల దూరంలో నాటితే సుమారు 250 మొక్కలు పడతాయి. ఒక్కొక్కదానికి రెట్టింపుగా 20 లీటర్లు పోసినా మొత్తం 5,000 లీటర్లు, అంటే ఒక ట్యాంకరు నీరు. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూపితే నిర్ణయం పంచాయతీ సభ్యులకే తేలిపోతుంది. సొంత బోరు, బిందుసేద్యం గొట్టాలు ఉన్నచోట దట్టమైన నాటు తప్పు కాదు. అది త్వరగా నేలను కప్పుతుంది, కలుపును అణచుతుంది, పక్షులకు ఆశ్రయమవుతుంది. ట్యాంకరుపై ఆధారపడే వనానికి మాత్రం అది మోయలేని బరువు. అంతేకాక మనిషి లోపలికి నడవలేని చోటును అడవి అనవచ్చును గాని ఉద్యానం అనడం కష్టం. ముసలివారు కూర్చోవాలన్నా పిల్లలు తిరగాలన్నా చెట్ల నడుమ ఖాళీ ఉండాలి. స్థలం పెద్దదైతే ఒక మూలన దట్టంగా నాటి, మిగిలిన భాగాన్ని నీడ చెట్లకు విడువవచ్చును.

తెలంగాణ సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 900 మిల్లీమీటర్లు. అందులో 80 శాతం వరకు నైరుతి ఋతుపవనాల కాలంలోనే కురుస్తుంది. జూలైలో నాటిన మొక్కకు ఫిబ్రవరి నాటికి వేరు లోతుకు దిగకపోతే వేసవి గడవదు. అందుచేత గుంత కొలత ముఖ్యమైనది. మెత్తని నేలలో 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు గల గుంత చాలును. మొరం నేలలో 60 సెంటీమీటర్లు అవసరం. పార పడని నేలలో అరగుంత తీసి లెక్క పూర్తిచేసిన చోట మొక్క మొదటి ఏడాది పచ్చగానే కనిపించి రెండవ వేసవిలో ఎండుతుంది. చల్క నేల నీటిని నిలుపుకోదు కనుక కొద్దికొద్దిగా తరచు పెట్టాలి. రేగడిలో తడుల మధ్య వ్యవధి పెంచవచ్చును. పాదులో వరిగడ్డి గాని, వేరుశనగ పొట్టు గాని, రాలిన ఆకులు గాని మందంగా పరిస్తే తేమ నిలిచి తడులు తగ్గుతాయి. వనాన్ని ఊడ్చి ఆకులను కాల్చడం చూపులకు శుభ్రంగా ఉన్నప్పటికీ మొక్క దుప్పటిని తగలబెట్టడమే అవుతుంది.

మొక్కల ఎంపిక

పంచాయతీ నర్సరీలో ఏది మిగిలి ఉంటే అది నాటడం పరిపాటి. నర్సరీ ప్రణాళికను వనం అవసరాన్ని బట్టి ఏడాది ముందే వేయగలిగితే ఈ ఇబ్బంది తొలగుతుంది. సంచిలో మరీ ఎక్కువ కాలం ఉండి వేళ్ళు చుట్టుకుపోయిన మొక్కను అలాగే నాటితే అది నేలలో కూడా చుట్టుకుంటూనే పెరుగుతుంది.

నీడకు కానుగ, వేప, నేరేడు, పొగడ నమ్మదగినవి. రావి, మర్రి కట్టడాలకు దూరంగా ఒకటి రెండు చాలును. కంచె బలహీనంగా ఉన్న వైపున సీతాఫలం ఉపయోగకరం, దాని ఆకును మేకలు ముట్టవు. నేరేడు, ఉసిరి, చింత వంటి పండ్ల చెట్లు పిల్లలను వనానికి రప్పిస్తాయి. కొమ్మలు విరుస్తారన్న భయంతో వీటిని మానివేయడం సమంజసం కాదు.

వర్జించవలసినవి కూడా ఉన్నాయి. త్వరగా, ఏడాది పొడవునా పచ్చగా పెరుగుతుందన్న కారణంతో కోనోకార్పస్ మొక్కను హరితహారంలో విరివిగా నాటారు. పుప్పొడి వలన ఆరోగ్య సమస్యలు, వేళ్ళ వలన పైపులకు నష్టం అన్న ఫిర్యాదులు రావడంతో తరువాత దానిని నిరుత్సాహపరచారు. గుజరాత్ 2023లో దానిని నాటడాన్ని నిషేధించింది. ఏడాకులపాల పూసే కాలంలో వెలువడే ఘాటైన వాసన ఇళ్ళ మధ్య పలువురిని ఇబ్బంది పెడుతుంది. గన్నేరు, పచ్చగన్నేరు నీటి ఎద్దడికి తట్టుకుంటాయి, పశువులు తినవు, నిత్యం పూస్తాయి. అయినను వీటి అన్ని భాగాలూ విషపూరితం. పచ్చగన్నేరు కాయ పిల్లల చేతికి అందే ఎత్తులోనే కాస్తుంది. ఆట పరికరాల చెంత దానిని నాటిన వనాలలో వెంటనే తొలగించి మందారం, నందివర్ధనం వంటివి పెట్టవలసి ఉంటుంది.

ఆటస్థలంతో అనుసంధానం

2022 జూన్ 2న తెలంగాణ క్రీడా ప్రాంగణాల పథకం మొదలై గ్రామాలలో వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు వెలిశాయి. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉంటుంది. పురుషుల కబడ్డీకి 13, 10 మీటర్లు, ఖోఖోకు 27, 16 మీటర్లు కావాలి. నాలుగు వైపులా 3 మీటర్ల చొప్పున ఖాళీ విడిచినా మూడింటికీ కలిపి సుమారు 1,390 చదరపు మీటర్లు సరిపోతాయి. అది ఎకరంలో మూడవ వంతు మాత్రమే. కాబట్టి వనాన్ని ఒకచోట, ఆటస్థలాన్ని మరొకచోట పెట్టడం కన్న రెండింటినీ ఆనుకొని ఉంచడం మేలు.

దీనిలో నీటి లాభమూ ఉన్నది. మొరం పరచి రోలరుతో గట్టిపరచిన నేలలోకి నీరు తక్కువగా ఇంకుతుంది. 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1,390 చదరపు మీటర్లపై పడే నీరు సుమారు 27,800 లీటర్లు. అందులో సగం పారినా దాదాపు మూడు ట్యాంకర్ల నీరు. కోర్టులకు నూటికి ఒకటి చొప్పున వాలు ఇచ్చి, దిగువన కందకం తీసి చెట్ల వరుసలకు మళ్ళిస్తే ఆటస్థలం త్వరగా ఆరుతుంది, వనం తడుస్తుంది. కోర్టుల పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంచితే సాయంకాలపు ఎండ ఆటగాళ్ళ కళ్ళలో పడదు. పడమటి వైపు చెట్ల వరుస ఉంటే ఆట గంట ముందే మొదలవుతుంది.

పల్లె యువకులు అత్యధికంగా ఆడేది క్రికెట్. దానికి ఎకరం చాలదు. కోర్టులు ఖాళీగా ఉన్నాయని విచారించే పంచాయతీలు పలకలు పాతకముందు ఈ మాటను యువకులనే అడిగి ఉండవలసింది. బాలికల సంగతి వేరు. స్థలం ఊరి చివర ఉంటే, దీపం లేకపోతే, మరుగుదొడ్డి లేకపోతే వారు రారు. వారు రాకపోవడాన్ని ఆసక్తి లేకపోవడంగా నమోదు చేయడం పొరపాటు.

స్థలం

అనేక గ్రామాలలో వనానికి దక్కినది మరెవరికీ అక్కరలేని భూమి: గుట్ట వాలు, చెరువు అంచు, శ్మశానం దారి. స్థలం దూరమైన కొద్దీ వృద్ధులు, స్త్రీలు, చిన్నపిల్లలు తగ్గిపోతారు. ఊరి నడుమ దొరికితే పావు ఎకరమైనా ఊరి బయటి ఎకరం కన్న ఎక్కువ మందికి ఉపయోగపడుతుంది. స్థలాన్ని కాపాడుకోవడమూ అంతే ముఖ్యం. ఉద్యానానికి కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు వైద్యశాలకు మళ్ళించడాన్ని 1991లో బెంగుళూరు మెడికల్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆ తీర్పు నగరపు లేఅవుటుకు సంబంధించినదే అయినా పంచాయతీలకు అందులో ఒక పాఠమున్నది. వనం హద్దులు, సర్వే నంబరు, విస్తీర్ణం పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో నమోదై ఉంటేనే రేపు ఎవరైనా అడగగలుగుతారు.

లెక్కించే విధానం

85 శాతం నియమం దారి వెంబడి చెట్లకు చక్కగా వర్తిస్తుంది. దట్టంగా నాటిన వనానికి అది సరైన కొలబద్ద కాదు. మీటరు దూరంలోని మొక్కలు వెలుతురు కోసం పోటీపడతాయి. కొన్ని వెనుకబడి చనిపోవడం ఆ పద్ధతిలో సహజమే. లెక్కలో మాత్రం అది లోపంగా కనిపిస్తుంది. దాని నుండి తప్పించుకొనుటకు ప్రతి వానకాలమూ పెద్ద చెట్ల నీడలో కొత్త మొక్కలు నాటుతారు, అవీ ఎదగవు, మరుసటి ఏడు మళ్ళీ నాటుతారు. నిధి కరిగిపోతుంది, వనం పెరగదు. ఇటువంటి చోట మొక్కల సంఖ్యకు బదులు నేలపై పరచుకున్న నీడ శాతాన్ని కొలవడం ఉచితం. ఎండ నిటారుగా ఉన్న వేళ 30 మీటర్ల తాడు పరచి, మీటరుకొకచోట నీడయా, ఎండయా అని గుర్తించి, స్థలమంతటా నాలుగైదు సార్లు ఇలా చేస్తే తగినంత అంచనా లభిస్తుంది. దానితోపాటు ఉదయం, సాయంత్రం గంట చొప్పున వచ్చినవారిని వయసు, స్త్రీ పురుష భేదం ప్రకారం లెక్కించాలి. మొక్కలన్నీ బ్రతికి మనుషులు రాని వనం కూడా సరిదిద్దవలసినదే.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాలలో నివసించే వ్యవసాయ విద్యార్థులు ఈ పనికి అన్ని విధాల తగినవారు. గ్రామ పటం గీయడం, కాలపట్టిక వేయడం, మహిళా సంఘాలతో చర్చించడం వారు ఎలాగూ చేసే పనులే. ఒక్క చిక్కు ఉన్నది. ఈ కార్యక్రమం సాధారణంగా ఖరీఫ్ కాలంలో సాగుతుంది, ఆగస్టులో ప్రతి వనమూ పచ్చగానే ఉంటుంది. అదే తాడు పట్టుకొని ఏప్రిల్ మూడవ వారంలో, బోరు నీరు తగ్గి ట్యాంకరు త్రాగునీటికి తిరుగుతున్న రోజుల్లో, అదే వనాన్ని మరొకసారి కొలవవలసి ఉంటుంది. రెండు అంకెలనూ కార్యదర్శికి, మొక్కల పెంపకపు స్థాయీ సంఘానికి మే నెలలో అందిస్తే, జూలైలో ఎన్ని గుంతలు తవ్వాలో వారు అప్పటికి నిర్ణయించుకొనగలుగుతారు.