పొగగొట్టము తెగిన బండిని నడుపరాదు

రైతు సోదరులు చాలమంది నేడు ట్రాక్టరుతోపాటు కారునో, జీపునో, కూరగాయలు వేసుకొనుటకు చిన్న వ్యానునో ఉంచుకొనుచున్నారు. డొంకదారులలోను, కాలువ గట్లమీదను నడచు బండికి తరచుగా దెబ్బ తగులు భాగము అడుగున వ్రేలాడు పొగగొట్టము. రాయి తగిలి సైలెన్సరు నొక్కుకొనును. పట్టుకొని యున్న రబ్బరులు తెగి గొట్టము జారును. తడికిని, బురదకును త్రుప్పు పట్టి ఒకనాడు తోక ఊడి దారిలో పడిపోవును. బండి మాత్రము ఆగదు. చప్పుడు పెరుగునే గాని పని సాగుచునే యుండును. అందువలన "పంట అమ్మిన తరువాత చూచుకొందము" అని నెలల తరబడి అట్లే నడుపువారు ఎందరో కలరు. చప్పుడు ఇందులో చిన్న నష్టము. పెద్ద నష్టము చెవికి వినబడదు, కంటికి కనబడదు.

ఇంజనులో ఇంధనము మండగా వచ్చిన వాయువులు మొదట మానిఫోల్డులోనికి, అక్కడనుండి ముందు గొట్టములోనికి, పిదప సైలెన్సరులోనికి, చివరకు తోకగొట్టము గుండ బండి వెనుకకు పోవును. ఇది చప్పుడు తగ్గించు సాధనమని మాత్రమే మనము తలంతుము. నిజమునకు అది విషవాయువును మనుష్యులు కూర్చున్న చోటినుండి దూరముగా కొనిపోవు కాలువ. కాలువకు నడుమ గండి పడినచో నీరు చివరి మడికి చేరదు గదా! అట్లే గొట్టము ఎక్కడ తెగినదో వాయువు అక్కడనే, అనగా మీ కాళ్ళక్రిందనే, బయటపడును.

ఆ వాయువులలో మిక్కిలి అపాయకరమైనది కార్బన్ మోనాక్సైడు. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పొగవాసన రానంతమాత్రమున ఇది లేదని అనుకొనరాదు. మన రక్తములోని ఎఱ్ఱకణములు ప్రాణవాయువును మోయవలసియుండగా, ఈ వాయువు దానికంటె 200 రెట్లకు పైగా గట్టిగా ఆ కణములను పట్టుకొని స్థలము ఆక్రమించును. మనిషి ఊపిరి పీల్చుచునే యుండును. శరీరమునకు మాత్రము ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, తరువాత తల తిరుగుట, వికారము, మగత కలుగును. మగతలోనే స్పృహ తప్పి ప్రాణము పోవచ్చును.

మన ఇండ్లలో ఈ గుర్తులను చూచి "పైత్యము చేసినది", "బిడ్డకు కారు పడలేదు" అని నిమ్మకాయ వాసన చూపి ప్రయాణము సాగింతురు. వెనుక సీటులో పిల్లలు నిద్రపోయిన, హాయిగా పడుకొన్నారని సంతోషింతురు. బండిలోని వారికి ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, దిగి నడచిన తరువాత తగ్గుచున్నచో అది పైత్యము కాదు, గొట్టమును చూడవలెను. ఎవరైన మగతగా ఉన్నచో వెంటనే ఇంజను ఆపి, వారిని బయటి గాలిలోనికి తెచ్చి, 108కి కబురు చేయవలెను. లేచి కూర్చున్నాడు గదా యని ఇంటికి కొనిపోరాదు. మామూలు గాలిలో రక్తమునందలి ఈ విషము సగము తగ్గుటకే నాలుగైదు గంటలు పట్టును. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టినచో త్వరగా తగ్గును.

వెనుక తోక ఊడుటకంటె ఇంజను దగ్గఱ గొట్టము చిట్లుట ఎక్కువ ప్రమాదము. పెడళ్ళ సందులనుండి, గేరు కఱ్ఱ చుట్టునున్న రబ్బరు చిరుగులనుండి, త్రుప్పు తిన్న అడుగురేకు రంధ్రములనుండి వాయువు లోనికి వచ్చును. తోక ఊడిన బండికి మఱియొక బాధ కలదు. నడచుచున్న బండి వెనుక గాలి సుడి తిరుగును. బస్తాలు పట్టలేదని డిక్కీ తలుపు తెఱచి తాడుతో కట్టి నడిపినచో, ఆ సుడి వాయువును బండిలోనికే లాగును. ఏ.సి. ఈ విషమును వడకట్టలేదు.

కొత్త పెట్రోలు కార్ల గొట్టములో క్యాటలిటిక్ కన్వర్టరు అను డబ్బా యుండును. మన దేశములో 1995 ఏప్రిలులో నాలుగు మహానగరములలో అమ్మిన కొత్త కార్లతో ఇది మొదలైనది. కార్బన్ మోనాక్సైడును చాలవఱకు మార్చివేయునది ఇదియే. గొట్టము దీనికి ముందే తెగినచో విషము మారకయే వెలువడును. డబ్బాను తీయించి వట్టి గొట్టము అతికించుకొనువారు అన్ని వేళల ఆ అపాయమును మోయుచున్నారు.

ఇక ట్రాక్టరు సంగతి. సైలెన్సరు తీసివేసిన బలము హెచ్చునని కుఱ్ఱవాండ్రు చెప్పుదురు. డీజిలు ఇంజను బలము పంపు ఇచ్చు నూనెను, లోనికి వచ్చు గాలిని బట్టి యుండును గాని చప్పుడును బట్టి యుండదు. మసి పేరుకొని మూసుకొనిపోయిన సైలెన్సరు ఇంజనును అణచుట నిజమే. దానికి మందు కొత్త సైలెన్సరు, ఊడబెరుకుట కాదు. పెట్రోలు పొగకంటె డీజిలు పొగలో కార్బన్ మోనాక్సైడు తక్కువ. అయినను డీజిలు పొగ క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించినది. దినమంతయు దున్నువాని ముఖమునకు నేరుగా ఆ పొగ తగులుట మంచిది కాదు. ఆ చప్పుడులో ఏండ్ల తరబడి పనిచేసినవాని చెవుడు తిరిగి బాగుపడదు. కళ్ళములో మఱింత జాగ్రత్త కావలెను. కాలిన మసి కణములు నిప్పురవ్వలై తెగిన గొట్టమునుండి ఎగిరిపడును. గడ్డివాము ప్రక్కన అట్టి ట్రాక్టరును నిలిపినచో నూర్చిన పంట, మేపవలసిన గడ్డి రెండును బూడిద కావచ్చును.

గొట్టము పరీక్షించుటకు ఉదయము ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బండిని ఆరుబయట చదునునేలపై నిలుపవలెను. కొట్టములో పరీక్షింపరాదు. ఇంజను ఆపియుండగనే అతుకులవద్ద నల్లని మసిచారలున్నవా యని చూడుడు. చారయున్నచోట కారుచున్నదని తెలిసికొనుడు. తరువాత ఇంజను నడిపి, ఒకరు చేతికి తొడుగు వేసికొని మందపు గుడ్డతో తోకను రెండు మూడు క్షణములు మూయవలెను. మఱియొకచోట బుస్సుమని వినబడిన, గండి అక్కడ ఉన్నది. జాకీపై నిలిపిన బండి క్రిందకు ఎవరును దూరరాదు.

దారిలో తోక ఊడినచో, చల్లారిన తరువాత వ్రేలాడు ముక్కను ఇనుపతీగతో కట్టవలెను. నైలాను తాడు కరగిపోవును. పిల్లలను, ముసలివారిని దింపి వేఱు బండిలో పంపుడు. అద్దములన్నియు దింపి, డిక్కీ మూసి, దగ్గఱనున్న మెకానిక్కువఱకు మాత్రమే నడుపుడు. ఆగినచోట ఇంజనును నడువనీయకుడు. అక్కడ ముక్కకు వెల్డింగు చేయించినను గొట్టము చివర బండి శరీరమును దాటి బయటికి వచ్చియుండవలెను. తక్కువ పొడవున కోసి అతికించిన దానిని ఒప్పుకొనరాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 120వది వ్యవసాయ ట్రాక్టరుకు సైతము సైలెన్సరు ఉండితీరవలెనని చెప్పుచున్నది. మరమ్మతు అయిన తరువాత చల్లని ఇంజనుతో గుడ్డ పరీక్ష మఱల ఒకసారి చేసి, మెకానిక్కు ఎదుటనే చప్పుడు విని, అప్పుడు డబ్బు చెల్లింపుడు.