సిస్టరు అడిగిందే మళ్లీ ఎందుకు అడుగుతుంది?

పక్షవాతం వచ్చిన మనిషినో, తలకు దెబ్బ తగిలిన మనిషినో వార్డులో చేర్చిన రాత్రి ఇంటివాళ్లకు నిద్ర ఉండదు. సిస్టరు గంటకోసారి వస్తుంది. "తాతా, మీ పేరేంటి? ఇది ఏ ఊరు? నా చెయ్యి గట్టిగా పట్టుకోండి" అంటుంది. కళ్లలో టార్చి వేసి చూస్తుంది. "ఇందాకేగా చెప్పినాడు సిస్టరమ్మా, కాస్త పడుకోనీండి" అని మనవాళ్లు విసుక్కుంటారు. ఆ విసుగులో తప్పు లేదు. కాని ఆమె అడిగేది పేరు తెలుసుకోవడానికి కాదు.

మెదడులో వాపు గాని, రక్తస్రావం గాని స్కానింగు తీసిన తరువాత కూడా పెరగవచ్చు. గంటకోసారి స్కానింగు తీయలేము. అందుకే రోగి స్పృహను కొలుస్తూ ఉంటాము. ఈ కొలతకు 1974లో స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు వైద్యులు మార్కులు ఏర్పరిచారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏ స్పందనా లేని మనిషికి కూడా 3 వేస్తారు, సున్నా ఉండదు. ఒకసారి వేసిన మార్కు కన్నా, పోయిన గంటకూ ఇప్పటికీ వచ్చిన తేడా ముఖ్యం. సాయంత్రం 14 ఉన్న మనిషి అర్ధరాత్రికి 12కు దిగితే డాక్టరుగారిని వెంటనే పిలుస్తాము. ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దదైనా అంతే.

ఇక్కడ మీ సాయం కావాలి. రోగి మామూలుగా ఎలా ఉంటాడో మీకే తెలుసు. చెవుడు ముందునుంచే ఉందా? కంటి ఆపరేషను అయిందా? షుగరుకు మందులు వాడుతున్నారా? మన సూళ్లూరుపేట వైపు తమిళం మాట్లాడే ఇళ్లు కూడా ఉన్నాయి. తెలుగులో అడిగితే పలకని అవ్వ తమిళంలో అడిగితే చక్కగా జవాబు చెప్పవచ్చు. అది ముందే చెప్పండి, లేకపోతే మార్కు తప్పుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకు? రక్తం గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షను సాధారణంగా 4.5 గంటలలోపు ఇవ్వాలి. తెల్లవారి లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, లెక్క రాత్రి పడుకున్నప్పటినుంచే. ఇక్కడినుంచి చెన్నై సుమారు 80 కిలోమీటర్లు, నెల్లూరు సుమారు 100. దారిలో పట్టే సమయం కూడా ఆ లెక్కలోదే. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోను చేయండి. పావురం రక్తం పూయడానికి వెళ్లినవాళ్లు పోగొట్టుకునేది ఆ గంటలనే. ఆలస్యమైపోయిందని ఇంట్లోనే ఉండిపోవడమూ తప్పే. స్కానింగు చూసి కొందరికి ఆ తరువాత కూడా చికిత్స చేయగలుగుతున్నారు.

వార్డులో మేము ఎక్కువగా భయపడేది మీరు ప్రేమతో పోసే గుక్కెడు కాఫీకి. పక్షవాతంలో గుటక కూడా దెబ్బతినవచ్చు. పోసింది ఊపిరితిత్తులలోకి పోతే నిమోనియా వస్తుంది. సిస్టరు కూర్చోబెట్టి, చెంచాతో నీళ్లిచ్చి, దగ్గు వస్తుందా, గొంతు గరగరలాడుతుందా అని చూసి సరేనన్నదాకా ఏదీ పోయవద్దు. మాత్ర కూడా వద్దు.

పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపవద్దు, భుజం కీలు జారుతుంది. రెండు గంటలకోసారి పక్క మార్చేటప్పుడు మీరూ ఒక చెయ్యి వేయండి. నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడండి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం చేయవద్దు. పక్కకు తిప్పి, గడియారం చూస్తూ సిస్టరును పిలవండి.

రాత్రి మంచం పక్కన ఉన్నవాళ్లకు ఒక్క మాట. "హాయిగా గురక పెడుతున్నాడు" అనుకుని ఊరుకోకండి. పేరు పెట్టి పిలవండి. ఎప్పటిలా లేవకపోయినా, వాంతి అయినా, అంతవరకు ఆడిన కాలు ఆడకపోయినా, రౌండ్సు వచ్చేదాకా ఆగకుండా అప్పుడే వచ్చి చెప్పండి.