ఎండ దూరని ఇల్లు

ఉద్దేశం: ఉద్యోగ విరమణ పొందిన ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు పల్నాటి ఎండలకు తట్టుకొనేట్లుగా దగ్గరుండి కట్టించుకొన్న ఇంటి వృత్తాంతం ద్వారా, ఉష్ణ నిరోధంలో ఇమిడి ఉన్న శాస్త్రాన్ని, మన పూర్వుల గృహనిర్మాణ వివేకాన్ని విద్యార్థులకు తెలియజేయడం.

మన ప్రబంధకవులలో గ్రీష్మాన్ని వర్ణించనివారు అరుదు. కావ్యానికి విధించిన పద్దెనిమిది వర్ణనలలో ఋతువర్ణన కూడా ఒకటి కదా! నాయికకు తాపం కలిగితే చెలికత్తెలు చందనం పూస్తారు, తామరాకులతో విసరుతారు, చంద్రకాంత శిలలపై పరుండబెడతారు. ఈ శీతోపచారాలను పాతికేళ్ళకు పైగా తరగతిలో ఎంతో ఇష్టంగా బోధిస్తూ వచ్చిన నాకు, ఆ నాయిక నివసించిన మేడకు కప్పు దేనితో వేశారన్న ప్రశ్న ఒక్కనాడూ తట్టలేదు. ఆ ప్రశ్న వేసినవారు మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన. మేమందరం ఆయనను మాస్టారు అనే పిలిచేవాళ్ళం.

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా మరణించారు. మాస్టారి తల్లిగారు పోయినది ఆ నెలలోనే. ఆమె పొలానికి వెళ్ళలేదు, బజారుకు వెళ్ళలేదు. పట్టణంలో ఒక భవనపు చిట్టచివరి అంతస్తులో, ఇంటి నడిమి గదిలో, తిరుగుతున్న ఫ్యాను కింద పడుకొని ఉన్నారు. సూర్యుడు అస్తమించి రెండు గంటలు దాటిన తరువాత ఆమెకు మాట తడబడింది. తెల్లవారేసరికి లేరు. పరామర్శకు వెళ్ళిన నాతో మాస్టారు పైకప్పు వంక చూపి, "అమ్మను ఎండ చంపలేదండీ, ఇది చంపింది" అన్నారు. దుఃఖంలో అన్న మాటగా అప్పుడు భావించాను. అందులో ఎంత శాస్త్రం ఉన్నదో తరువాత గాని బోధపడలేదు.

విరమణ సొమ్ము చేతికి రాగానే ఆయన సొంత ఊరికి చేరి, తాతలనాటి స్థలంలో ఇల్లు మొదలుపెట్టారు. ఆ ఊరు పల్నాటిలో ఉన్నది. వేసవి వార్తలలో తరచుగా వినిపించే రెంటచింతల ఆ సీమలోనిదే. నాపరాళ్ళను, జొన్నకూటిని ఎగతాళి చేస్తూ పల్నాటిపై చెప్పిన చాటువు ఒకటి శ్రీనాథునిదిగా ప్రచారంలో ఉన్నది. ఆ మహాకవి అక్కడికి మే నెలలో వచ్చి ఉండడని మాస్టారి చమత్కారం. వచ్చి ఉంటే నాపరాళ్ళ సంగతి తరువాత, ముందు ఎండ మీదనే పద్యం చెప్పేవాడట.

అరవై దాటిన మనిషికి ఇల్లు కట్టడం యువకుని గృహనిర్మాణం వంటిది కాదు. పొరపాటు జరిగితే కూల్చి కట్టడానికి డబ్బు ఉండదు, ఓపిక ఉండదు. పూత కింద దాగిన లోపం యజమానితోపాటే ముసలిదవుతుంది. అందువల్ల ఆయన గుత్తేదారుకు అప్పగించక, ఒక ముసలి మేస్త్రిని కుదుర్చుకొని ప్రతి ఇటుకనూ తానే చూసుకొన్నారు.

ఇంటిలోకి వేడి మూడు విధాలుగా వస్తుందని మీరు చదువుకొన్నారు. వహనం, సంవహనం, వికిరణం. గోడ, కప్పు ఘనపదార్థాలు కనుక వాటిగుండా వహనం ద్వారా, తలుపులు కిటికీల గుండా వేడిగాలి రూపంలో, కాగిన కప్పు నుండి కిందికి వికిరణం ద్వారా వేడి చేరుతుంది. ఈ మూడింటికీ మూలమైన సూర్యుని దారిని మాస్టారు ముందుగా గుర్తించారు. పల్నాటి అక్షాంశం దగ్గర మే మొదటి వారంలోను, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలోను మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ నడుమ రోజులలో కొంచెం ఉత్తరానికి ఒరుగుతాడు. కాబట్టి నడివేసవిలో దక్షిణపు గోడకు ఎండ బాధ దాదాపు లేదు. తూర్పు గోడ ఉదయం, పడమటి గోడ సాయంకాలం కాలుతాయి. పొద్దస్తమానం మండేది పైకప్పు ఒక్కటే. వానకు గొడుగు పట్టే మనం ఎండకు ఇంటి నెత్తిన ఏమీ పట్టడం లేదు.

పైగా నేడు మనం వేసుకొంటున్న కప్పు ఇనుము పొదిగిన కాంక్రీటు. అది బలంలో మేటి, వేడిని ఆపడంలో మాత్రం అసమర్థురాలు. పగలంతా ఎండను తాగి, పొద్దుగూకిన తరువాత నిదానంగా కిందికి కక్కుతుంది. బయట గాలి చల్లబడినా లోపల ఉడుకు తగ్గకపోవడానికి కారణం అదే. ఫ్యాను ఆ కాగిన గాలినే మన మీదికి తోస్తుంది. మాస్టారి తల్లిగారు పడుకొన్న గది అటువంటిదే.

ఇక వేడిని ఆపేది ఏది? కదలని గాలి. కాంక్రీటుతో పోలిస్తే అది యాభై రెట్లకు పైగా తక్కువగా వేడిని వహిస్తుంది. కంబళి వెచ్చగా ఉండడానికి కారణం ఉన్ని కంటే ఉన్నిలో చిక్కిన గాలి. థర్మాకోల్‌లో నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు గాలే. చలిదేశాలవారు లోపలి వెచ్చదనం బయటికి పోకుండా గోడలలో ఇటువంటి పొరలు కూరుతారు. మనకు కావలసినది బయటి వేడి లోపలికి రాకుండటం. వస్తువు ఒకటే, ప్రయోజనం తలకిందులు.

ఈ రహస్యం మన పెద్దలకు తెలియనిది కాదు. తాటాకు కప్పిన పూరింటిలో ఆకుల పొరల నడుమ గాలి నిలిచి ఉండేది. పెంకుటింటిలో పెంకులకూ గదికీ మధ్య అటక ఉండేది. అటక మీద మామిడి ఊరగాయ జాడీలు పెట్టుకొనేవాళ్ళమని మనకు జ్ఞాపకం. అది వేడికి అడ్డుపొర అని మాత్రం మరచిపోయాము. రాయలసీమలో దూలాలపై దంతెలు పరచి, ఆ పైన మందంగా చౌడుమట్టి వేసి మిద్దెలు కట్టారు. కొన్నిచోట్ల మట్టికుండలను కప్పుమీద బోర్లించి, వాటిపై గానుగసున్నపు గచ్చు వేసేవారు. కుండ కింద చిక్కిన గాలి నిరోధకంగా పనిచేసేది. అయితే ఆ ఇళ్ళను అతిగా పొగడడం కూడా న్యాయం కాదు. పూరిల్లు అగ్గికి, చౌడుమిద్దె ముసురుకు లొంగేవి. ఏటేటా మరమ్మతు తప్పేది కాదు. స్లాబు ఇంటిని కోరుకొన్నవారిని తప్పుపట్టలేము.

పాత వివేకాన్ని కొత్త నిర్మాణంతో కలిపినవారిలో ముఖ్యుడు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులో పుట్టి, కేరళలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో మరణించిన ఈ వాస్తుశిల్పి ఇటుకలను పడుకోబెట్టక నిలువుగా పేర్చి గోడలు కట్టించాడు. తొమ్మిదంగుళాల గోడ నడుమ మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. ఎలుకబోను ఆకారం కనుక దీనికి ర్యాట్ ట్రాప్ కట్టుబడి అని పేరు. ఇటుకల ఖర్చు సుమారు ఐదోవంతు తగ్గుతుంది, గోడలో గాలి నిలుస్తుంది. మాస్టారు ఈ పద్ధతినే ఎంచుకొన్నారు.

మేస్త్రి ససేమిరా అన్నాడు. "నలభై ఏళ్ళ పని నాది అయ్యగారూ, బోలుగోడ కట్టి ఊళ్ళో తలెత్తుకోలేను" అన్నాడు. మాస్టారు వాదించలేదు. పెరట్లో మూడడుగుల గోడ ఒకటి కట్టించి, పది రోజులు తడిపించి, దానిపైకి ఎక్కి నిలుచోమన్నారు. మేస్త్రి ఎక్కి, రెండుసార్లు గంతులు వేసి, దిగి వచ్చి మారు మాట్లాడకుండా తాపీ అందుకొన్నాడు.

కప్పు విషయంలో ఆయన మరింత పట్టుదల చూపారు. నిరోధక పొరను స్లాబు కింద అంటించడం సులువు. కాని అప్పుడు స్లాబు ఎండలో కాగుతూ, రాత్రి చల్లారుతూ, వ్యాకోచ సంకోచాలకు లోనై బీటలు వారుతుంది. అందుచేత పొరను పైననే వేయించారు. స్లాబుపై నీరు దిగని పూత, దానిపై థర్మాకోల్ జాతికే చెందిన, నీరు పీల్చని గట్టి నురుగు పలకలు రెండంగుళాల మందాన, వాటిపై తీగవలతో పలుచని కాంక్రీటు, వాన జారిపోవడానికి వాలు. అన్నింటికీ పైన పిడుగురాళ్ల సున్నం. సున్నపుబట్టీలకు ప్రసిద్ధమైన ఆ పట్టణం వారికి దగ్గరే. తెల్లని కప్పు తనపై పడిన ఎండలో అధిక భాగాన్ని తిప్పి పంపుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించినది ఈ సూత్రం మీదనే. అయితే సున్నం వానకు పోతుంది. ప్రతి వేసవికి ముందు మళ్ళీ వేసుకోవలసిందే.

ఇక్కడ ఒక నష్టం జరిగింది. మాస్టారు జ్వరంతో రెండు రోజులు రాలేకపోయినప్పుడు కూలీలు పలకలను ఎడమెడంగా పరచి, పైన కాంక్రీటు పోశారు. ఆ సందులలోకి కాంక్రీటు దిగింది. పలకలు ఎంత మంచివైనా, నడుమ దిగిన కాంక్రీటు వేడికి వంతెన అవుతుంది. ఒక గది మేర వేసినదంతా పగలగొట్టించి, అతుకు మీద అతుకు పడకుండా, సందు లేకుండా మళ్ళీ పరిపించారు. ఆ ఖర్చుకు భార్య గాజులు రెండు బ్యాంకుకు చేరాయి.

ఇంత పట్టుదల దేనికని అడిగితే ఆయన ఒక అంకె చెప్పారు. 2018లో కేంద్రప్రభుత్వం వెలువరించిన ఎకో నివాస్ సంహిత ప్రకారం, ఒక డిగ్రీ ఉష్ణోగ్రతా భేదానికి చదరపు మీటరు కప్పుగుండా 1.2 వాట్లకు మించి వేడి దిగరాదు. నిరోధకం లేని మామూలు స్లాబు గుండా సుమారు 3 వాట్లు దిగుతుంది. రెండంగుళాల పొర సక్రమంగా వేస్తే అది ఒక వాటుకు లోపుకు వస్తుంది. "ఏసీ కూడా ఉన్నదండీ, లేదనను. కాని కప్పు సంగతి చూడకుండా ఏసీ పెట్టడం చిల్లికుండలో నీళ్ళు పోయడమే" అన్నారు.

గృహప్రవేశం తరువాతి వేసవిలో నేను ఆ ఇంటికి వెళ్ళాను. పగలు కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. ఇంటిలో ఎవరూ లేరనుకొని ఇరుగుపొరుగువారు తిరిగిపోతుంటారట. చీకటిపడిన తరువాత కిటికీలన్నీ బార్లా తెరిచి, గోడలలో మిగిలిన వేడిని రాత్రిగాలికి వదిలివేస్తారు. ఎనిమిది గంటలకు మాస్టారు ఒక స్టూలు తెచ్చి, దానిపై ఎక్కి కప్పును అరచేతితో తాకమన్నారు. తాకాను. అంతకు ముందు రోజు మా ఇంటిలో అదే పని చేసి చేయి వెనక్కు తీసుకొన్నవాణ్ణి. ఇక్కడ చేయి అలాగే ఉంచగలిగాను. ఆయన నా ముఖం వైపు కాక, నా చేయి వైపు చూస్తూ నిలుచున్నారు. గదిలో ఒక మూల తల్లిగారి నులకమంచం వాల్చి ఉన్నది.

అన్నీ కుదిరాయని చెప్పలేను. యజమాని పడకగది నైరుతిలో ఉండాలని బంధువులు పట్టుబట్టారు, ఆయన ఒప్పుకొన్నారు. సాయంకాలపు ఎండ సూటిగా తగిలే మూల అదే. బోలుగోడ అయినా ఆ గది మిగిలిన ఇంటికంటే వేడిగానే ఉంటుంది. "లోకానికి పాఠాలు చెప్పి, మన పడకగది దగ్గర మాత్రం ఫెయిలయ్యారు" అని వారి శ్రీమతి నవ్వుతూనే అన్నారు. మాస్టారు ఆ పడమటి గోడకు పదడుగుల దూరంలో కానుగ మొక్కలు రెండు నాటారు. నేను చూచేనాటికి అవి కిటికీ గడప ఎత్తుకు వచ్చాయి.