నరసాపురపు లేసు

వసిష్ఠ గోదావరి సముద్రమును చేరుటకు కొంచెము ముందుగా, దాని పడమటి గట్టున నరసాపురము కలదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఈ ప్రాంతమునకు నూలుపని పాత చుట్టము. పట్టణమునకు చేరువనున్న మాధవాయపాలెమున పూర్వము ఆంగ్లేయులు వర్తకస్థానము నెలకొల్పిరి. అచ్చట ఓడలకెక్కిన నూలుబట్ట ఆ ఊరి పేరుమీదనే ‘మడపొల్లము’ అని విదేశములలో ప్రసిద్ధి చెందెను. తరువాతి కాలమున ఈ సీమకు పేరు తెచ్చినది మరియొక నూలుపని. అదియే లేసు అల్లిక.

మగ్గముపై బట్ట నేయుటకు పడుగు, పేక అను రెండు వరుసల దారములు కావలెను. అల్లికకు ఒక్క దారము చాలును. ఊలుతో స్వెట్టరులు అల్లువారు రెండు సూదులు పట్టి, ఒక సూదిపైనున్న ఉచ్చుల వరుసను ఒక్కొక్కటిగా రెండవ సూదిపైకి మార్చుచు పోవుదురు. లేసు అల్లువారి చేతిలో నుండునది ఒక్క సూదియే. దాని కొనయందు చిన్న కొక్కెముండును. దీనిని క్రోషా సూది యందురు. ‘క్రోషే’ అను ఫ్రెంచి మాటకు చిన్న కొక్కెమని అర్థము.

లేసునకు సన్నని నూలుదారమును వాడుదురు. పొడవైన పోగులుగల ప్రత్తితో వడికి, కొన్ని పోచలను కలిపి గట్టిగా పురిపెట్టిన దారము మేలైనది. పురి వదులైనచో కొక్కెము పోచలను చీల్చును. దారమును సాగదీసి పట్టి క్షారద్రవములో ముంచినచో దానికి పట్టువంటి మెరుపు వచ్చును. ఈ క్షారసంస్కారమునకు 19వ శతాబ్దమున జాన్ మెర్సరు అను ఆంగ్లేయుడు ఆద్యుడు.

మొదట దారపు కొనను జారుముడిగా వేసి సూదికి తగిలింతురు. ఆ ఉచ్చులోగుండ దారమును కొక్కెముతో లాగినచో రెండవ ఉచ్చు ఏర్పడును. ఇట్లు ఒకదానిలోనుండి ఒకటి వచ్చిన ఉచ్చులు గొలుసువలె సాగును. ఆ గొలుసే అల్లికకు పునాది. పిమ్మట వెనుకకు మరలి, గొలుసు కన్నులలో సూదిని దూర్చి క్రొత్త ఉచ్చులను లాగుదురు. దూర్చుటకు ముందు సూదికి దారమును ఒకసారి చుట్టినచో కుట్టు పొడవగును. రెండుసార్లు చుట్టినచో ఇంకను పొడవగును. పొట్టి కుట్లు దగ్గరగా పడిన చోట అల్లిక బట్టవలె చిక్కనగును. పొడవు కుట్ల నడుమ గొలుసులు విడిచిన చోట చిన్న చిన్న గవాక్షములు ఏర్పడును. నిండు గడులను, ఖాళీ గడులను లెక్కప్రకారము మార్చినచో హంసయో, నెమలియో, గులాబియో తేలును.

గొలుసు కొనలను కలిపి, చుట్టును అల్లుచు పోయినచో పువ్వగును. అది చదునుగా నుండుటకు ప్రతి చుట్టునందును కుట్లను తగినంత పెంచవలెను. పెంపు తక్కువైనచో పువ్వు గిన్నెవలె ముడుచుకొనును. ఎక్కువైనచో అంచు అలలు తేలును. కావున ఈ పనిలో చేతికెంత నేర్పు కావలెనో బుద్ధికి నంత లెక్క కావలెను. ఒక వరుసలో తప్పిన కుట్టు పై వరుసలన్నింటిని వంకరచేయును. దానిని దాచుట సాధ్యము కాదు. అంతవరకు విప్పి మరల అల్లుటయే మార్గము. విప్పిన దారము వ్యర్థము కాదు. పోవునది కాలమొక్కటియే.

స్వెట్టరు అల్లికను యంత్రము ఏనాడో నేర్చుకొనెను. 1589లోనే విలియం లీ అను ఆంగ్లేయుడు మేజోళ్లు అల్లు యంత్రమును కల్పించెను. నిజమైన క్రోషా అల్లికను చేయు యంత్రము మాత్రము పరిశ్రమలలో నేటికిని వాడుకకు రాలేదు. కావున ఏ దేశపు అంగడిలో కనబడిన క్రోషా లేసైనను, దానిలోని ప్రతి ఉచ్చును ఒక మనుష్యుని చేయి లాగినదే.

ఐర్లండు దేశమున 1845లో ఆరంభమైన కరవు కాలమున ఈ అల్లిక అనేక పేద కుటుంబములకు కూడు పెట్టెను. గోదావరి తీరమునకు దీనిని 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు తెచ్చిరి. స్కాట్లండు నుండి వచ్చిన మాక్రే దంపతులు ఇచ్చటి స్త్రీలకు ఈ పని నేర్పిరని ప్రతీతి. తల్లి కూతురికి, అత్త కోడలికి నేర్పగా లేసు పాలకొల్లు, మొగల్తూరు పరిసర గ్రామములకు ప్రాకెను. ఒక యింట పువ్వులు అల్లుదురు. మరియొక యింట వానిని జతచేయుదురు. జతచేయుటను అతుకుపని యందురు. ఇట్లు బల్లగుడ్డలు, దుప్పట్లు, దిండు గలీబులు సిద్ధమై విదేశములకు పోవును.

అయినను చిరకాలము ఈ శ్రమకు తగిన గణన లేకపోయెను. దారమును ఏజెంటు తెచ్చియిచ్చును. కూలిని సరకు లెక్కన చెల్లించును. అమ్మకము వర్తకుల చేతిలో నుండును. జర్మను సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఈ స్త్రీల జీవితమును పరిశీలించి, 1982లో ఒక గ్రంథము వెలువరించెను. వీరు ఇంటిపనితోపాటు దినమునకు అనేక గంటలు అల్లుచున్నను, లోకము వారిని శ్రామికులుగా ఎంచక, తీరికవేళ కాలక్షేపము చేయు ఇల్లాండ్రుగా ఎంచెననియు, అందుచేతనే కూలి మిక్కిలి తక్కువగా నుండెననియు ఆమె చూపెను. ఇంటి అరుగుపై కూర్చుండి చేసినంతమాత్రమున పని పనికాకపోదు.

2024లో నరసాపురపు క్రోషా లేసునకు భౌగోళిక గుర్తింపు లభించెను. మరియొక చోట తయారైన సరకును ఈ పేరుతో అమ్ముటకు ఇక వీలులేదు. ఊరి పేరునకు రక్షణ కలిగినది. అల్లిన చేతికిని న్యాయమైన ప్రతిఫలము కలిగిననాడే ఆ గౌరవము నిండుదనము పొందును. బల్లపై పరచిన తెల్లని లేసును చూచినవారు దాని యందమును మెచ్చుకొనుటతో ఆగక, ఒక్క జానెడు మేర ఉచ్చులను లెక్కించి చూడవలెను. ఆ లెక్క ముగియకముందే దాని వెల ఎంతయుండవలెనో వారికే తోచును.