గృహమందు మితవ్యయము

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను శరణ దంపతులుండిరి. రాలిన బియ్యము నేరి తెచ్చి దాసోహము జరుపుట మారయ్య కాయకము. ఒకనాడతడు అవసరమునకు మించి తేగా, అధికమును తెచ్చిన చోటనే పోసి రమ్మని లక్కమ్మ పలికెను. ఆ ధర్మమే నేటి గృహమున నీటికిని, విద్యుత్తునకును వర్తించును.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతము వాన తక్కువైన మెట్టసీమ. పలు గ్రామముల భూగర్భజలమున ఫ్లోరైడు అధికము. బోరుబావిపై ఆధారపడిన యింట నీటి వ్యయమే విద్యుద్వ్యయము. 1000 లీటర్ల నీటిని 100 మీటర్ల లోతునుండి పైకి తెచ్చుటకు సుమారు 0.27 యూనిట్ల శక్తి కావలయును; మోటారు నష్టమును చేర్చినచో దాదాపు రెట్టింపగును. 100 చదరపు మీటర్ల డాబాపై 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో పడు నీరును 1000 లీటర్లే. తొలివాన నీటిని విడిచి, తరువాతి నీటిని వడగట్టి తొట్టిలో నిలుపవలయును. మిగిలినదానిని ఇంకుడు గుంతకు మళ్ళింపవలయును.

రెండవది ఎండ. బండల మిద్దెయైనను, కాంక్రీటు డాబాయైనను పగటి వేడిని పీల్చి రాత్రి యింటిలోనికి విడుచును. వేసవికి ముందే పైకప్పునకు తెల్లసున్నము వేసినచో ఎండ చాలవరకు తిరిగిపోవును. పడమటి దిక్కున వేపచెట్టు నీడ గోడను కాపాడును.

మూడవది ఉపకరణములు. 60 వాట్ల పాత బల్బు దినమునకు 5 గంటలు వెలిగినచో నెలకు 9 యూనిట్లు ఖర్చగును. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బునకు 1.35 యూనిట్లు చాలును. 75 వాట్ల ఫ్యాను 12 గంటలు తిరిగినచో నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యానునకు 11 యూనిట్లలోపే. మఠముల దాసోహశాలలో పప్పు నానబెట్టి, మూతపెట్టి వండినచో వంటచెఱకును, గ్యాసును మిగులును.

సూర్యశక్తి చివరి మెట్టు. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున 1 కిలోవాటుకు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకును ఆపైకిని 78,000 రూపాయల రాయితీ ప్రకటింపబడినది. అయినను వ్యర్థమును ముందు తగ్గించుకొనిన యింటికి చిన్న యంత్రమే చాలును, అప్పుభారమును తగ్గును.

అభ్యాసము: మార్కాపురము పలకలకు పేరొందిన ఊరు. ప్రతి గృహమందును ఒక పలకపై నెల దినములు సాయంకాలము మీటరు అంకెను పిల్లలచేత వ్రాయింపవలయును. ఏ దినమున ఎక్కువ ఖర్చయినది, ఏల అయినది అని కుటుంబమంతయు కూర్చుండి విచారింపవలయును. లెక్క తెలిసిన చోటనే మితము నిలుచును.